బస్కీ తీస్తే మోకాలు టక్‌మంటోందా? ఫిజికల్ టెస్టుకు ముందు తెలుసుకోవాల్సిన విషయాలు

ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షలకు చదివేవారి రోజు చాలావరకు కుర్చీలోనే గడుస్తుంది. పొద్దున కోచింగ్, ఆ తర్వాత నెలవారీ అద్దెకు తీసుకున్న లైబ్రరీ సీటు, రాత్రికి లిఫ్టు లేని మేడ మీది గది. ఢిల్లీ పోలీసు, కేంద్ర సాయుధ బలగాల ఎస్సై పోస్టులకు పేపర్-1 ఫలితం వచ్చాక ఈ దినచర్య ఒక్కసారిగా తలకిందులవుతుంది. తర్వాతి మెట్టు దేహదారుఢ్య పరీక్ష. నిన్నటిదాకా మెట్లెక్కడమే వ్యాయామంగా ఉన్నవాళ్లు తెల్లవారుజామున పరుగు, సాయంత్రం బస్కీలు మొదలుపెడతారు.

సరిగ్గా ఆ మొదటి వారాల్లోనే ఒక కొత్త శబ్దం వినిపించడం మొదలవుతుంది. గొంతుకూర్చుని లేస్తుంటే మోకాలు టక్‌మంటుంది. ఇనుప గుండు విసిరితే భుజం కిర్రుమంటుంది. కాలు పైకి ఎత్తితే తుంటి దగ్గర ఏదో జారినట్టు టిక్కుమంటుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, భయం మాత్రం ఉంటుంది. రూమ్మేటు ‘గుజ్జు అరిగిపోయింది’ అంటాడు. మందుల షాపులో కాల్షియం బిళ్లలు ఇస్తారు. మెడికల్‌లో తీసేస్తారేమోనని కొందరు పరుగే మానేస్తారు. నిజానికి ఉద్యోగానికి ముప్పు తెచ్చేది చాలాసార్లు ఆ శబ్దం కాదు, శబ్దానికి భయపడి సాధన ఆపేయడం.

ఈ బెంగ ఢిల్లీకే పరిమితం కాదు. కేంద్ర బలగాల కానిస్టేబుల్ (జీడీ) పరీక్షను 2024 నుంచి తెలుగుతో సహా 13 ప్రాంతీయ భాషల్లో నిర్వహిస్తున్నారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పోలీసు నియామకాలకూ ఫిజికల్ టెస్టులు ఉన్నాయి. శ్రీకాకుళం మైదానంలోనైనా, ఆదిలాబాద్ మైదానంలోనైనా మోకాలు చేసే చప్పుడు ఒకటే.

మెటికల శబ్దం ఎక్కడి నుంచి వస్తుంది?

మనవడికి దిష్టి తీసి, తన కణతలకు ఆనించుకుని అమ్మమ్మ విరిచే మెటికలకు, అభ్యర్థి మోకాలి శబ్దానికి కొన్నిసార్లు కారణం ఒక్కటే కావచ్చు. వేళ్లు, మోకాలు, భుజం వంటి కీళ్ల లోపల పలుచని జిగురు ద్రవం ఉంటుంది. అందులో వాయువులు కరిగి ఉంటాయి. కీలును లాగినప్పుడు రెండు ఎముకల మధ్య ఖాళీ పెరుగుతుంది, లోపలి ఒత్తిడి పడిపోతుంది, కరిగిన వాయువు బుడగగా బయటపడుతుంది. సోడా సీసా మూత తీసినప్పుడు జరిగేది ఇంచుమించు ఇదే.

అయితే చప్పుడు బుడగ పుట్టినప్పుడు వస్తుందా, పగిలినప్పుడా అన్న దాని మీద శాస్త్రవేత్తలు డెబ్బై ఏళ్లకు పైగా వాదించుకున్నారు. 1947లో రోస్టన్, వీలర్ హేన్స్ ఎక్స్‌రేలు తీసి, ఖాళీ ఏర్పడటమే కారణమన్నారు. 1971లో లీడ్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కాదు, బుడగ కూలిపోవడమే కారణమన్నారు. 2015లో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో గ్రెగరీ కాచుక్ బృందం వేళ్లను లాగుతూ ఎంఆర్ఐలో చిత్రీకరించింది. చప్పుడు తర్వాత కూడా ఖాళీ అలాగే కనిపించడంతో వాదన మళ్లీ మొదటి పక్షం వైపు మొగ్గింది. 2018లో వినీత్ చంద్రన్ సుజ, అబ్దుల్ బరాకత్ గణిత నమూనాతో ముందుకొచ్చి, బుడగ కొంతమేర కుంచించుకుపోయినా ఆ శబ్దం పుట్టగలదని చూపారు. వివాదం పూర్తిగా తెగలేదు. తెగకపోయినా అభ్యర్థికి పనికొచ్చే ముక్క ఒకటి ఇందులో ఉంది: ఒకసారి చప్పుడు చేసిన కీలు మళ్లీ అదే చప్పుడు చేయడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. కాబట్టి ప్రతి బస్కీకీ టక్‌మంటున్న మోకాలిలో ఉన్నది బుడగ కాదు, వేరే కారణం.

మెటికలు విరిస్తే కీళ్లవాతం వస్తుందన్న భయం మాత్రం నిలబడలేదు. అమెరికా వైద్యుడు డొనాల్డ్ అంగర్ 60 ఏళ్లకు పైగా ఎడమచేతి మెటికలు మాత్రమే రోజుకు కనీసం రెండుసార్లు విరిచి, కుడిచేతిని పోలిక కోసం వదిలేశాడు. రెండు చేతుల మధ్య తేడా ఏమీ కనబడలేదు. ఈ పట్టుదలకు 2009లో ఇగ్నోబెల్ బహుమతి ఇచ్చారు. ఒక్క మనిషి మీద చేసిన ప్రయోగం రుజువు కాదు గానీ, 2011లో 215 మందిని పరిశీలించిన అధ్యయనం కూడా అదే తేల్చింది.

ప్రతిసారీ వచ్చే చప్పుడు

కదిలిన ప్రతిసారీ, ఒకే కోణంలో టక్‌మంటే అది సాధారణంగా ఎముక గూటి మీదుగా స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి భాగం) జారే శబ్దం. తుంటి దగ్గర ఇది ఎక్కువ. తొడ బయటి వైపు పట్టీ లాంటి కణజాలం ఎముక మీదుగా దూకినప్పుడు పక్కన ఉన్నవారికి కనిపించేంతగా కదులుతుంది. నాట్యం చేసేవారిలోనూ ఇది మామూలే. నొప్పి లేనంతవరకు దీనికి చికిత్స అక్కర్లేదు.

మోకాలిది ఇంకో కథ. మోకాలి చిప్ప తొడ ఎముక చివర ఉన్న గాడిలో పైకీ కిందకీ జారుతుంటుంది. అక్కడ పుట్టే కరకర శబ్దం ఎంత సాధారణమంటే, 1987లో బ్రిటిష్ పరిశోధకులు మోకాళ్లకు కంపనాలను పట్టే పరికరాలు అమర్చి చూస్తే, ఆరోగ్యకరమైన మోకాళ్లలో 99 శాతం ఏదో ఒక మేర కంపించాయి. అది పరికరాలకు అందిన లెక్క. మనిషికి తెలిసేంత శబ్దాన్ని లెక్కించిన అధ్యయనాలన్నిటినీ కలిపి చేసిన తాజా సమీక్షలో, నొప్పి లేని మోకాళ్లలోనూ దాదాపు మూడో వంతు చప్పుడు చేస్తున్నాయని తేలింది.

ఇక్కడ రెండో వైపు కూడా చెప్పాలి. అదే సమీక్షలో కీళ్ల అరుగుదల ఉన్న మోకాళ్లలో సుమారు 80 శాతం శబ్దం చేస్తున్నాయి. అమెరికాలో దాదాపు 3,500 మందిని నాలుగేళ్లు గమనించిన 2018 నాటి అధ్యయనంలో, తరచూ మోకాలు కరకరలాడేవారికి తర్వాత నొప్పితో కూడిన అరుగుదల వచ్చే అవకాశం ఎక్కువని తేలింది. కానీ ఆ అధ్యయనంలో ఉన్నవారంతా 45 ఏళ్లు దాటినవారు. కొత్తగా నొప్పి బయటపడ్డవారిలో ఎక్కువమందికి మొదటి రోజే ఎక్స్‌రేలో అరుగుదల ఆనవాళ్లున్నాయి. ఆ ఫలితాన్ని 24 ఏళ్ల అభ్యర్థికి అంటగట్టడం పొరపాటు. యాభై దాటిన తండ్రి మోకాలి శబ్దాన్ని, పరుగు మొదలుపెట్టిన కొడుకు మోకాలి శబ్దాన్ని ఒకే గాటన కట్టకూడదు.

అసలు ఒత్తిడి ఎక్కడుంది?

ఎస్సై పోస్టుల దేహదారుఢ్య పరీక్షలో పురుషులు 1.6 కిలోమీటర్లు ఆరున్నర నిమిషాల్లో పరుగెత్తాలి. అంటే 400 మీటర్ల ట్రాకు మీద ఒక్కో చుట్టు 97 సెకన్ల చొప్పున నాలుగు చుట్లు. 100 మీటర్లకు 16 సెకన్లు. 3.65 మీటర్ల లాంగ్ జంప్, 1.2 మీటర్ల హైజంప్, 7.26 కిలోల గుండును 4.5 మీటర్లు విసరడం ఉంటాయి. మహిళలకు 800 మీటర్లు 4 నిమిషాల్లో, 100 మీటర్లు 18 సెకన్లలో, లాంగ్ జంప్ 2.7, హైజంప్ 0.9 మీటర్లు. కానిస్టేబుల్ (జీడీ) పురుషులైతే 24 నిమిషాల్లో 5 కిలోమీటర్లు పరుగెత్తాలి.

క్రీడాకారుడికి ఇవి పెద్ద లెక్కలు కావు. రెండేళ్లు కుర్చీలో కూర్చున్న మనిషికి పెద్దవే. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లో పుంజుకుంటాయి. స్నాయువులు, ఎముకలు బలపడటానికి నెలలు పడుతుంది. అందుకే మూడో వారంలో ఆయాసం తగ్గి, ‘ఇక పర్లేదు’ అని దూరం రెట్టింపు చేసినప్పుడే మోకాలు మొరాయిస్తుంది. దానికి తోడు సిమెంటు రోడ్డు మీద పరుగు, అరిగిన బూట్లు, రోజూ జంపులు, చలికాలపు తెల్లవారుజామున ఒళ్లు వేడెక్కకుండానే స్ప్రింట్లు.

ఏం చేయాలి?

నొప్పి లేని శబ్దమైతే సాధన ఆపనక్కర్లేదు, కొంచెం సర్దుకుంటే చాలు. పది నిమిషాలు వేగంగా నడిచి, మెల్లగా జాగింగ్ చేశాకే అసలు పరుగుకు దిగాలి. వారానికి రెండు మూడు రోజులు తొడ ముందు కండరాలకు, పిరుదులకు, పిక్కలకు బలం ఇచ్చే వ్యాయామాలు చేయాలి. మోకాళ్లు ఎక్కువగా మాట్లాడుతుంటే పూర్తిగా కిందికి దిగే బస్కీలకు బదులు, మొదట కుర్చీ ఎత్తు వరకే దిగి లేవాలి. మోకాళ్లు లోపలికి పడిపోకుండా, పాదం చూస్తున్న దిక్కునే ఉండేలా చూసుకోవాలి. జంపులు రోజూ వద్దు. మధ్యలో ఒక రోజు విరామం ఉండాలి. దూకాక మోకాళ్లు బిగబట్టకుండా వంచి, మెత్తగా దిగడం నేర్చుకోవాలి. గుండు విసిరేటప్పుడు భుజం కిర్రుమంటే బరువు తగ్గించి, రెక్క ఎముక చుట్టూ ఉన్న కండరాలను బలపరచాలి.

కొంచెం నొప్పి కూడా ఉంటే? పదికి రెండు మూడు మార్కుల స్థాయిలో ఉండి, మర్నాటికి తగ్గిపోతే సాధన కొనసాగించవచ్చన్నది ఫిజియోథెరపిస్టులు సాధారణంగా పాటించే కొలత. మర్నాడు ఉదయం మెట్లు దిగుతుంటే నొప్పి పెరిగిందంటే ముందురోజు పని ఎక్కువైనట్టే.

కాల్షియం బిళ్లలు కీలు శబ్దాన్ని ఆపవు. ‘గుజ్జు పెంచే’ మందులుగా అమ్ముడయ్యే గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్‌లను 2006లో అమెరికాలో 1,583 మంది మోకాలి అరుగుదల రోగుల మీద పరీక్షిస్తే, మొత్తం మీద ఉత్తుత్తి మాత్రల కంటే మెరుగైన ఫలితం రాలేదు. రోగం ఉన్నవారికే అంతంతమాత్రమైనప్పుడు, రోగం లేని అభ్యర్థి వాటి మీద నెలకు వెయ్యి ఖర్చు పెట్టడం కంటే మంచి బూట్లు కొనుక్కోవడం నయం. నువ్వుల నూనె మర్దనా హాయినిస్తుంది, దానితో పేచీ లేదు.

పేచీ ఉన్నది సెలూన్లో మెడ విరిపించుకోవడంతోనే. క్షవరం అయ్యాక తల పట్టుకుని అటూ ఇటూ ఒక్క కుదుపు కుదపడం ఢిల్లీలోనూ, మన ఊళ్లలోనూ ఉన్న అలవాటే. మెడ వెనక వెన్నుపూసల గుండా మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనులు ఉంటాయి. బలంగా తిప్పినప్పుడు వాటి గోడ చీలి పక్షవాతం వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అరుదే అయినా, ఒక్క క్షణం హాయి కోసం అంత ప్రమాదం కొనితెచ్చుకోవడంలో అర్థం లేదు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

దూకినప్పుడో, ఉన్నట్టుండి మలుపు తిరిగినప్పుడో ‘ఠప్’మని ఒక్కసారి వినిపించి, కొన్ని గంటల్లోనే మోకాలు ఉబ్బితే అది లిగమెంటు తెగిన శబ్దం కావచ్చు. మడమ వెనక ఎవరో తన్నినట్టు అనిపించి, మునివేళ్ల మీద లేవలేకపోతే అక్కడి స్నాయువు తెగి ఉండవచ్చు. మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి చాపలేకపోవడం, నడుస్తుంటే ఉన్నట్టుండి కాలు పట్టు తప్పడం, భుజం గూడు తప్పినట్టు అనిపించడం, జ్వరంతో పాటు కీలు ఎర్రగా వేడిగా మారడం, ఇవేవీ పరీక్ష అయ్యాక చూద్దామని వాయిదా వేసేవి కావు. ముఖర్జీ నగర్ దగ్గరున్న జీటీబీ నగర్ స్టేషన్‌లో మెట్రో ఎల్లో లైన్ ఎక్కితే రైలు మారకుండానే ఎయిమ్స్ స్టేషన్‌లో దిగవచ్చు. అక్కడే ఉన్న సఫ్దర్‌జంగ్ ప్రభుత్వ ఆస్పత్రిలో క్రీడా గాయాలకు ప్రత్యేక కేంద్రం ఉంది.

నొప్పి లేని శబ్దానికి మాత్రం ముందే స్కానింగుకు పరుగెత్తడం అనవసరం. ఏ బాధా లేనివారి ఎంఆర్ఐలోనూ చిన్నచిన్న మార్పులు కనిపిస్తాయి. ఆ రిపోర్టు చదివాక లేని భయం కొత్తగా మొదలవుతుంది.

ఇక మెడికల్ సంగతి. ఎస్సై నోటిఫికేషన్‌లోని వైద్య ప్రమాణాల్లో మోకాళ్లు రాసుకోవడం, చదును పాదాలు, ఉబ్బిన రక్తనాళాలు, మెల్లకన్ను పేర్లు ఉంటాయి. మోకాలి చప్పుడు పేరు అక్కడ లేదు. వైద్యులు కీలు పూర్తిగా వంగుతోందా, చాపుతున్నారా, నొప్పి, వాపు ఉన్నాయా అన్నది చూస్తారు. అనర్హుడని తేల్చినా రివ్యూ మెడికల్‌కు దరఖాస్తు చేసుకునే వీలుంది. గడువు చాలా తక్కువ కాబట్టి, అనర్హత పత్రంలో రాసిన కారణాన్ని ఆ రోజే చదువుకుని సంబంధిత నిపుణుడి దగ్గరికి వెళ్లాలి.