చిల్లర నాణెం చెప్పే చరిత్ర

1618లో జర్మన్ రాజ్యాలలో ముప్ఫై ఏళ్ల యుద్ధం మొదలైంది. సైన్యాన్ని పోషించడానికి ప్రభువులకు డబ్బు కావలసి వచ్చింది. అక్కడ పెద్ద వెండి నాణెం థాలర్. సంతలో, అంగట్లో చేతులు మారేవి మాత్రం గ్రోషెన్, క్రూట్సర్ వంటి చిల్లర వెండి నాణేలు. చిల్లరలో కూడా విలువకు తగినంత వెండి ఉండాలని 1559 నాటి సామ్రాజ్య నాణేల చట్టం చెప్పింది. కాని ఒక థాలర్ విలువకు చిల్లర ముద్రించాలంటే పని ఎక్కువ, మిగులు తక్కువ. అందుకే టంకశాలలు థాలర్ జోలికి పోకుండా చిల్లరలో రాగి కలపసాగాయి.

షరాబులు ఈ కల్తీ నాణేలను పొరుగు రాజ్యానికి మోసుకెళ్లి, అక్కడి మంచి నాణేలతో మార్చుకొచ్చేవారు. నష్టపోయిన పొరుగు ప్రభువూ అదే దారి పట్టేవాడు. త్రాసు ఊగించి మంచివి ఏరే ఆ షరాబుల పేరుమీదే 1619–1623 సంవత్సరాలను 'కిప్పర్, విప్పర్' కాలమన్నారు.

పైకి వెండిలా మెరిసిన కాసులు అరిగేకొద్దీ ఎర్రబడ్డాయి. ధరలు మండిపోయాయి. స్థిరమైన జీతంతో బతికే బడిపంతుళ్లు, మతగురువులు బాగా నలిగిపోయారు. వారి జీతం అంకె మారలేదు, దానికి వచ్చే రొట్టె తగ్గింది.

చివరికి అవే కాసులు పన్నుల రూపంలో ప్రభువుల ఖజానాకే తిరిగొచ్చాయి. అప్పుడుగాని వారికి తెలిసిరాలేదు. 1623 నాటికి చాలా రాజ్యాలు పాత ప్రమాణానికి మళ్లాయి. దక్షిణాన థాలర్ 90 క్రూట్సర్ల వద్ద నిలిచింది.

యుద్ధాల తేదీలతో పాటు ఈ కథనూ పిల్లలకు చెప్పాలి. నాణెం మీది ముద్ర ప్రభువు ఇచ్చిన మాట. ఆయన మాట తప్పితే ముందుగా మూల్యం చెల్లించేది జీతగాడే.