గ్రంథాలయ ద్వారము – సమాన హక్కు

ఆదిపర్వమందలి ఏకలవ్యుని కథ మన గ్రామమున ఎరుగనివారు లేరు. నిషాదరాజగు హిరణ్యధన్వుని కుమారుడు విలువిద్య నేర్పుమని ద్రోణుని వేడెను. నిషాదుడను కారణమున ద్రోణుడు నిరాకరించెను. బాలుడు మారు పలుకక అడవికి పోయి, మట్టితో గురుప్రతిమను చేసికొని, దాని ముందర అభ్యసించి, అర్జునుడే విస్తుపోవునంతటి విలుకాడయ్యెను. తుదకు గురుదక్షిణగా కుడిచేతి బొటనవ్రేలిని కోసి యిచ్చెను. పురాణ కాలక్షేపములలో అతని గురుభక్తిని కొనియాడుట పరిపాటి. కాని ఆ ఘట్టము చదివినప్పుడెల్ల నాకొక సందేహము కలుగుచుండెను. అతడు అడవికి పోక, ఆ గురువు వాకిటనే కూర్చుండియుండినచో ఏమి జరిగియుండును? అట్లు కూర్చున్నవారి వృత్తాంతము అమెరికా దేశ చరిత్రలో నాకు కనబడినది. అది ఒక గ్రంథాలయమున జరిగినదగుటచే ఈ రజతోత్సవ సంచికకు తగియుండునని తలచి వ్రాయుచున్నాను.

అంతర్యుద్ధానంతరము 1865లో ఆ దేశమున రాజ్యాంగ సవరణ వలన బానిసత్వము రద్దయ్యెను. 1868లో మరియొక సవరణ, చట్టము యొక్క రక్షణ అందరికిని సమానమని చాటెను. అయినను దక్షిణ రాష్ట్రములలో రైళ్ళయందును, పాఠశాలలయందును నల్లజాతివారిని వేరుగా నుంచుట మానలేదు. 1896లో ప్లెసీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, వసతులు సమానముగా నున్నచో జాతులను వేరుచేయుట రాజ్యాంగవిరుద్ధము కాదని తీర్పు చెప్పెను. ఆ తీర్పునందలి 'వేరు' అను మాట వీధివీధిని అమలయ్యెను. 'సమానము' అను మాట కాగితము మీదనే నిలిచిపోయెను.

వర్జీనియా రాష్ట్రమున అలెగ్జాండ్రియా యను పట్టణము కలదు. పూర్వము ఈజిప్టు దేశమున మహాగ్రంథాలయముతో విలసిల్లిన అలెగ్జాండ్రియా వేరు, ఇది వేరు. ఈ పట్టణమున 1937లో పౌరగ్రంథాలయ భవనము వెలసెను. పన్నులు ఇరుజాతులవారును చెల్లించుచుండిరి. ప్రవేశము మాత్రము తెల్లజాతివారికే. ఆ భవనమునకు సమీపముననే సామ్యుయెల్ విల్బర్ట్ టక్కర్ అను నల్లజాతి యువ న్యాయవాది నివసించుచుండెను. 1913లో జన్మించిన ఇతడు న్యాయకళాశాల మెట్లు ఎక్కినవాడు కాడు. ఒక న్యాయవాది కార్యాలయమందలి గ్రంథములను చదువుకొని పరీక్షయందు నెగ్గినవాడు. పుస్తకము మనుష్యుని ఎట్లు నిలబెట్టునో స్వానుభవమున ఎరిగినవాడు.

1939 మార్చిలో టక్కర్, జార్జి విల్సన్ అను విశ్రాంత సైనికుని వెంటబెట్టుకొని పోయి, అతనికి గ్రంథాలయపు కార్డు ఇమ్మని కోరెను. అధికారులు నిరాకరించిరి. టక్కర్ న్యాయస్థానమున వ్యాజ్యము వేసెను. అంతటితో ఊరకుండక ఐదుగురు యువకులకు శిక్షణ ఇచ్చెను. వారు విలియం ఇవాన్స్, ఎడ్వర్డ్ గాడిస్, మోరిస్ మర్రే, క్లారెన్స్ స్ట్రేంజ్, టక్కర్ సోదరుడగు ఆటో టక్కర్ అనువారలు. ఆగస్టు 21వ తేదీన వారు శుభ్రమైన దుస్తులు ధరించి, ఒకరి తరువాత ఒకరుగా లోనికి పోయి, కార్డు ఇమ్మని మర్యాదగా అడిగిరి. లేదనిపించుకొని, అలమారలనుండి ఒక్కొక్క పుస్తకము తీసికొని, వేరు వేరు బల్లలకడ కూర్చుండి మౌనముగా చదువసాగిరి. కేకలు లేవు, నినాదములు లేవు. రక్షకభటులు వచ్చి వారిని బంధించిరి. మోపిన నేరము క్రమరహిత ప్రవర్తన! గ్రంథాలయమున నిశ్శబ్దముగా చదువుట కంటె క్రమమైన ప్రవర్తన ఏమి కలదో న్యాయస్థానమున ఎవ్వరును చెప్పజాలకపోయిరి. న్యాయాధిపతి తీర్పే చెప్పక వ్యాజ్యమును వాయిదాలలో ముంచెను. ఎనుబదియేండ్ల పిమ్మట, 2019లో, ఆ పట్టణ న్యాయస్థానము ఆ నేరారోపణలను కొట్టివేసెను. అప్పటికి ఆ ఐదుగురిలో ఎవ్వరును జీవించి లేరు.

ఈ కథయందు మనము గమనింపవలసినది తరువాతి ఘట్టము. పట్టణాధికారులు వ్యాజ్యమునకు వెరచి, 1940లో నల్లజాతివారి కొరకు ప్రత్యేకముగా ఒక చిన్న గ్రంథాలయమును నిర్మించి, టక్కరునకు దాని కార్డు నిచ్చుటకు సిద్ధపడిరి. అతడు దానిని స్వీకరింపలేదు. తాను కోరినది ఊరి గ్రంథాలయపు కార్డు కాని, వేరొక గది కాదని లేఖ వ్రాసెను. పుస్తకమే కావలసినచో ఆ చిన్న భవనమునను దొరికియుండును. కాని వేరుగా పెట్టిన పుస్తకముతోపాటు, నీవు మాతో కూర్చుండదగవను మాటయు చేతికి వచ్చును. ఏకలవ్యునకు అడవిలో విద్య దొరకినది. గురుకులమున చోటు దొరకలేదు. చోటు లేని విద్యకు వ్రేలు మూల్యమైనది.

1954లో సుప్రీంకోర్టు, పాఠశాలలయందు వేరుచేయుటయే అసమానత్వమని తీర్మానించెను. అయినను గ్రంథాలయ ద్వారములు తమంత తాము తెరచుకొనలేదు. లూసియానా రాష్ట్రమందలి క్లింటన్ ప్రాంతమున ఊరూర పుస్తకములు పంచు వాహనములు రెండుండెను. తెల్లవారికి ఎర్ర వాహనము, నల్లవారికి నీలి వాహనము. నల్లవారి కార్డు మీద 'నీగ్రో' అని ముద్ర వేయుచుండిరి. 1964లో హెన్రీ బ్రౌన్ మొదలగు ఐదుగురు అక్కడి గ్రంథాలయమున ప్రవేశించి, ఒక పుస్తకము కోరి, వెడలిపొమ్మన్నను కదలక నిలిచినందుకు శిక్షింపబడిరి. 1966లో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరియొకవైపు నుండగా ఆ శిక్షను రద్దుచేసెను. ఒక్క న్యాయమూర్తి అభిప్రాయము తేడాతో నిలిచిన హక్కది!

ఇది పరదేశపు దోషమని మనము నిశ్చింతగా నుండుటకు వీలులేదు. మహారాష్ట్రమందలి మహాడ్ పట్టణమున చవదారు చెరువు నీరు అందరికి హక్కని కాగితము మీద అంగీకరింపబడి యుండియు, అస్పృశ్యులనబడినవారికి అందలేదు. 1927 మార్చి 20వ తేదీన డాక్టరు అంబేద్కర్ వేలాది జనులతో పోయి ఆ నీటిని త్రాగవలసి వచ్చెను. వ్యాజ్యము ముగిసి హైకోర్టున జయము కలుగుటకు 1937 వరకు పట్టెను. మన రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను నిషేధించినది. 15వ అధికరణము దుకాణములు, బావులు, చెరువులు, రహదారులు మొదలగువానితోపాటు ప్రభుత్వ ధనముతో నడుచు ప్రజోపయోగ స్థలములన్నిటియందును వివక్షను కాదన్నది. అట్టి ధనముతో నడుచు పఠనమందిరములును అందు చేరినవే.

ఇక మన గ్రంథాలయపు మాట. నేను లెక్కలు వ్రాయువాడను. లెక్కలోని లోపమును దాచుట నా వృత్తికి తగదు. ఇరువదియైదేండ్ల క్రిందట నియమావళిని వ్రాసినది నేనే. పుస్తకములు పోకుండ నుండవలెనని, ప్రతి చందాదారునకు ఊరిలో భూమిగల ఒకరి జామీను సంతకము కావలెనని అందులో వ్రాసితిని. ఎవ్వరిని వెలివేయు తలంపు నాకు లేదు. కాని ఈ సంచిక కొరకు చందాదారుల పుస్తకమును మొదటినుండి తిరగవేయగా, పల్లెవాడ నుండి చేరినవారి పేర్లు వ్రేళ్ళమీద లెక్కింపదగినన్ని మాత్రమే కనబడినవి. అక్కడి యువకులు దినపత్రికను అరుగుమీద నిలుచుండి చదివి పోవుదురు. లోని కుర్చీలు ఖాళీగా నుండును. రావలదని వారితో ఎవ్వరును అనలేదు. కాని ఒక్క పుస్తకము కొరకు భూస్వామి వాకిట నిలిచి సంతకము యాచింపుమని నా నియమము వారితో అనుచునే యున్నది. క్లింటనులోని నీలి వాహనమునకు రంగు కలదు. నా నియమమునకు రంగు లేదు. భేదమంతయు అంతియే.

కావున రజతోత్సవ సమయమున కార్యవర్గమువారికి నా విన్నపము. ఆ జామీను నియమమును కొట్టివేయుడు. నేను వ్రాసిన పంక్తిని నా చేతితోనే కొట్టివేయుటకు సిద్ధముగా నున్నాను. పోయిన పుస్తకముల వెలను నష్టములోనే వ్రాసికొందము. రాని పాఠకుల లెక్కను ఏ పద్దున వ్రాయగలము? ఉత్సవము మరునాడు మనమే పల్లెవాడకు పోయి, ఇంటింట చెప్పి, అరుగుమీది వారిని లోని బల్లకడకు పిలుచుకొని వత్తము. ఈ గ్రంథాలయమునకు ఒక్కటే వాకిలి కలదు. అది అందరిదియు కావలెను.