పిల్లల బి.ఎం.ఐ. - పెద్దల లెక్క పనికిరాదు

కెనడాలో పిల్లల్ని ఫ్యామిలీ డాక్టరుకు చూపించినప్పుడు ఎత్తు, బరువు కొలిచి బి.ఎం.ఐ. లెక్కకడతారు. బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె ఇది. లెక్క అందరికీ ఒకటే, అర్థమే వేరు.

ఉదాహరణకు 10 ఏళ్ళ బాబు ఎత్తు 140 సెం.మీ., బరువు 40 కిలోలు అనుకుందాం. బి.ఎం.ఐ. 20.4. పెద్దల పట్టిక (18.5 - 25) ప్రకారం నిక్షేపంగా ఉన్నట్టే. కానీ ఆ వయసుకి అది అధిక బరువు! ఎదిగే పిల్లల్లో కొవ్వు వయసుతోపాటు మారుతుంది, ఆడపిల్లలకూ మగపిల్లలకూ తేడా ఉంటుంది. అందుకే అదే ఈడు పిల్లలతో పోల్చి చెప్పే 'పర్సంటైల్' చూడాలి.

కెనడా కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులను 2010లో విడుదల చేశారు, 2014లో సవరించారు. వీటి ప్రకారం 5 - 19 ఏళ్ళవారికి పర్సంటైల్ 85 దాటితే అధిక బరువు, 97 దాటితే ఊబకాయం. 3 కంటే తగ్గితే మరీ సన్నం. అమెరికా చార్టులు వేరు, రెండూ కలపకండి.

మనవాళ్ళు గమనించాల్సింది మరొకటుంది. పూణే శిశువులను ఇంగ్లండు శిశువులతో పోల్చిన పరిశోధన 2003లో వెలువడింది. మన పిల్లలు తక్కువ బరువుతో పుట్టినా, ఆ బరువులో కొవ్వు పాలు ఎక్కువని అందులో తేలింది. కాబట్టి పర్సంటైల్ బాగానే ఉన్నా, పొట్ట పెరుగుతున్నా, ఇంట్లో ఎవరికైనా షుగర్ వ్యాధి ఉన్నా డాక్టరుకు తప్పక చెప్పండి.

ఒక్క అంకె చూసి కంగారుపడి పిల్లలకు అన్నం మాన్పించకండి, నలుగురిలో "లావయ్యావేమిటి" అనకండి. చార్టులో గీత ఏటేటా ఎటు పోతోందన్నదే ముఖ్యం.