బోస్టన్ గ్రీన్ లైన్‌లో ‘ఎ’ ఎక్కడికి పోయింది?

ఇవాళ్టి ఎపిసోడ్‌కి ముందు ఒక చిన్న పని చేయండి. ఫోన్‌లో బోస్టన్ మెట్రో మ్యాప్ ఓపెన్ చేసి, అందులో ఆకుపచ్చ గీత చూడండి. దాన్ని గ్రీన్ లైన్ అంటారు. పడమటి వైపు అది నాలుగు కొమ్మలుగా చీలుతుంది. వాటి పేర్లు బి, సి, డి, ఇ.

మరి ‘ఎ’ ఏది?

మన పిల్లలు చాలామంది నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో చదువుతున్నారు కదా. వాళ్లు రోజూ ఎక్కేది ఇ లైనే, కాలేజీ ముందే స్టాప్. వాళ్లలో కొందరిని అడిగి చూశాను. ఎవరికీ తెలీదు, అసలు ఆ డౌటే రాలేదన్నారు. తప్పేం లేదులెండి. కానీ ఆ ఒక్క అక్షరం వెనకాల పెద్ద కథ ఉంది.

ముందు ఒక మాట. అమెరికాలో ట్రాలీ అంటే మనం ట్రామ్ అంటాం, అదే. రోడ్డు మీద పట్టాలు, పైన కరెంటు తీగ. బోస్టన్‌లో 1856లో గుర్రాలు లాగే బండ్లతో మొదలై, 1889లో కరెంటు ట్రాలీలు వచ్చాయి. కొద్ది ఏళ్లకే ఊరి నడిబొడ్డున ట్రెమాంట్ స్ట్రీట్‌లో ట్రాలీ వెనక ట్రాలీ, కదలడానికి దారి లేదు. అందుకని నేల కింద సొరంగం తవ్వి ట్రాలీలని అందులోకి దించారు. 1897 సెప్టెంబర్ 1న తెరిచారు. ఉత్తర అమెరికాలో మొదటి సబ్‌వే అదే. ఇప్పటికీ గ్రీన్ లైన్ అందులోనే నడుస్తోంది.

ఇక ‘ఎ’ సంగతి. 1967లో కొమ్మలకి అక్షరాలు పెట్టినప్పుడు ‘ఎ’ వాటర్‌టౌన్ అనే ఊరికి వెళ్లే లైన్‌కి వచ్చింది. రెండేళ్లు తిరక్కుండానే, 1969 జూన్‌లో, ఆ లైన్‌లో ట్రాలీలు ఆపేసి బస్సులు వేశారు. చెప్పిన కారణం బండ్లు సరిపోవట్లేదని. తాత్కాలికం అన్నారు. ఆ దారిలో ఇవాళ తిరిగే 57 నంబరు బస్సు ఆ తాత్కాలికానికి వారసురాలు. యాభై ఏళ్లు దాటింది మరి!

తమాషా ఏంటంటే, పట్టాలు మాత్రం తీయలేదు. వాటర్‌టౌన్‌లో ట్రాలీలు రిపేరు చేసే షెడ్డు ఉండేది. అందుకని 1994 దాకా ఖాళీ ట్రాలీలు ఆ రోడ్ల మీద వెళ్లి వస్తూనే ఉన్నాయి. స్టాప్‌లో బస్సు కోసం నిలబడ్డ మనిషి ముందు నుంచే ట్రాలీ పోతుంది, ఎక్కడానికి మాత్రం లేదు. పాతికేళ్లు అలా చూస్తూ ఉండటం ఎలా ఉండేదో ఊహించుకోండి.

ఇక్కడ మీలో కొందరు అంటారు, ‘అన్నా, ఇదంతా జనరల్ మోటార్స్ కుట్ర, రీల్స్‌లో చూశాం’ అని. ఆ కథలో కొంత నిజం ఉంది. నేషనల్ సిటీ లైన్స్ అనే కంపెనీ చాలా ఊళ్లలో ట్రామ్ కంపెనీలు కొనేసింది. దాని వెనక జనరల్ మోటార్స్, ఫైర్‌స్టోన్ లాంటి వాళ్లు ఉన్నారు. బస్సులు, ఇంధనం, టైర్లు మా దగ్గరే కొనాలని గుత్తాధిపత్యానికి కుట్ర పన్నారని 1949లో కోర్టు తేల్చింది కూడా. కానీ బోస్టన్‌కి అది అతకదు. అక్కడ ట్రాలీలు 1918 నుంచే ప్రభుత్వం వేసిన ట్రస్టీల చేతిలో ఉన్నాయి, 1947లో పూర్తిగా ప్రభుత్వ సంస్థకే వచ్చాయి. అమ్మడానికి ఎవరూ లేరు, కొనడానికి ఎవరూ రాలేదు. అయినా లైన్లు పోయాయి. అందుకే నాకు కుట్ర కథ కంటే బోస్టన్ కథే ఎక్కువ ఆసక్తి.

మ్యాప్ మళ్లీ చూడండి. బి, సి ఎలా బతికాయి? అవి వెళ్లే కామన్‌వెల్త్ అవెన్యూ, బీకన్ స్ట్రీట్ వెడల్పైన రోడ్లు, మధ్యలో పట్టాలకి విడిగా జాగా ఉంది. డి లైన్ అయితే పాత రైల్వే లైనే, 1959లో ట్రాలీలకి మార్చారు. మాటపాన్ అని ఇంకో చిన్న లైన్ ఉంది, దానిదీ సొంత దారే. దాని మీద 1940లలో తయారైన ట్రాలీలు దశాబ్దాల పాటు పరుగెత్తాయి. మరి ‘ఎ’? కొంత దూరం బితో కలిసి హాయిగా వెళ్లి, ప్యాకర్డ్స్ కార్నర్ దగ్గర విడిపోయి, అక్కణ్ణుంచి మామూలు రోడ్డు మీద కార్ల మధ్యలో వెళ్లేది. ఎవరైనా కారు అడ్డంగా పెట్టి షాపులోకి పోతే బస్సు పక్కనుంచి తప్పించుకుంటుంది. ట్రాలీ ఏం చేస్తుంది? గంట కొట్టుకుంటూ నిలబడుతుంది.

సొంత జాగా ఉన్నవి బతికాయి, కార్లతో జాగా పంచుకున్నవి పోయాయి. నాకు కనిపించిన లెక్క ఇదీ.

దీనికి అసలు పరీక్ష ఇ లైన్. అది ఒకప్పుడు జమైకా ప్లెయిన్ అనే పేట మీదుగా ఫారెస్ట్ హిల్స్ దగ్గర ఆర్బర్‌వే దాకా వెళ్లేది. 1985 డిసెంబర్ 28న పట్టాల పనులని ఆపి, 39 నంబరు బస్సు వేశారు. ఇది కూడా తాత్కాలికమే! తర్వాత పట్టాలు బాగుచేసి, దశలవారీగా హీత్ స్ట్రీట్ దాకా మళ్లీ నడిపారు. అక్కణ్ణుంచి మిగిలిన సుమారు మూడు కిలోమీటర్లు ఇంక రాలేదు.

ఈసారి జనం ఊరుకోలేదు. 1990లో బిగ్ డిగ్ అనే పెద్ద హైవే సొరంగం ప్రాజెక్టు కట్టబోతున్నప్పుడు, కార్లు పెరిగి గాలి పాడవుతుంది కాబట్టి బదులుగా రైళ్లు ఇవ్వాలని ఒప్పందం జరిగింది. ఆ జాబితాలో ఆర్బర్‌వే లైన్ పునరుద్ధరణ ఉంది. రాతపూర్వకంగా ఇచ్చిన మాట అది.

ఆ పేట కూడా రెండుగా చీలింది. ఒక వర్గం, మాకు ట్రాలీ కావాలి, మారకుండా ఒక్క సీటులో డౌన్‌టౌన్‌కి వెళ్లాలి అంది. ఇంకో వర్గం, సెంటర్ స్ట్రీట్ ఇరుకు, ట్రాలీ ఆగితే అంబులెన్స్ ఎలా పోతుంది, మా షాపుల ముందు పార్కింగ్ పోతుంది అంది. 1987లో ఆరెంజ్ లైన్ దగ్గర్లోకి వచ్చింది కదా, ఇంకా ఎందుకు అన్నవాళ్లూ ఉన్నారు. అంబులెన్స్ మాటని నేను తేలిగ్గా తీసిపారేయను. కానీ అదే రోడ్డు మీద కార్లు ఆపుకోవడానికి జాగా దొరికింది, వేలమంది ఎక్కే బండికి దొరకలేదు. అది నాకు మింగుడు పడదు. చివరికి ప్రభుత్వం ఆ ప్రాజెక్టుని జాబితాలోంచి తీసేసింది. ట్రాలీ కోరిన వాళ్లు కోర్టుకెళ్లారు, 2011లో కేసు కొట్టేశారు.

మన దగ్గర ఇలాంటిది లేదా అంటారేమో. మన తాతల కాలంలో చాలామంది తెలుగువాళ్లకి కూడా రాజధాని మద్రాసే. అక్కడి ట్రాములు 1895లో మొదలై 1953 ఏప్రిల్‌లో ఆగిపోయాయి, ఆంధ్ర రాష్ట్రం రావడానికి కొన్ని నెలల ముందు. కాకపోతే అక్కడ కంపెనీ దివాలా తీసి మూసేసింది, తాత్కాలికం అని ఎవరూ మభ్యపెట్టలేదు. ఆ కథ ఇంకో ఎపిసోడ్‌లో చెప్తాను.

బోస్టన్‌లో ఈ వరస ఇంకా అయిపోలేదు. హార్వర్డ్ దగ్గర 71, 73 నంబర్ల దారుల్లో 1958లో ట్రాలీలు తీసేసి, పట్టాల్లేకుండా పై తీగల కరెంటుతో నడిచే బస్సులు వేశారు. పొగ లేదు, చప్పుడు తక్కువ. 2022 మార్చిలో వాటినీ ఆపేశారు. బ్యాటరీ బస్సులు తెస్తాం, అందాకా డీజిల్ హైబ్రిడ్‌లు నడుపుతాం అన్నారు. కరెంటు బస్సు కోసం కరెంటు బస్సు తీసేసి మధ్యలో డీజిల్!

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. 1990 ఒప్పందంలో ఆర్బర్‌వేతో పాటు గ్రీన్ లైన్‌ని ఉత్తరానికి మెడ్‌ఫర్డ్ దాకా పొడిగించాలని కూడా ఉంది. అది పాత రైల్వే లైన్ పక్కనుంచి వెళ్తుంది, కార్లతో పంచుకునే పని లేదు. ముప్పై రెండేళ్లు పట్టినా, 2022 డిసెంబర్ 12న తెరిచారు. ఆ కొమ్మ మీద నడిచేది ఇ ట్రాలీలే. ఇప్పుడు మెడ్‌ఫర్డ్‌లో ఇ ఎక్కి దక్షిణం వైపు చివరిదాకా వెళ్తే హీత్ స్ట్రీట్‌లో దింపేస్తుంది. జమైకా ప్లెయిన్ వెళ్లాలంటే అక్కడ 39 ఎక్కాలి.