సాహిణి చేతి గుఱ్ఱము



ఇబ్రహీంపట్నము పెద్దచెరువును మీలో చాలమంది చూచియే యుందురు. హైదరాబాదునుండి నాగార్జునసాగరు దారిని పోవువారికి తగులు ఆ ఊరికి పేరు గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా వలన వచ్చినది. ఆయన 1550 లో గద్దె నెక్కి 1580 వరకు ఏలెను. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకిత మిచ్చెను. ఇవి మీకు క్రొత్త సంగతులు కావు. నేను నేడు మనవి చేయదలచినది సుల్తానును గూర్చియు కాదు, చెరువును గూర్చియు కాదు. అట్టి ప్రభువుల లాయములలో గుఱ్ఱపుపిల్లలకు చదువు చెప్పిన వారిని గూర్చి.

ఇబ్రహీము రాజైన ఆ 1550 వ సంవత్సరముననే ఇటలీదేశపు నేపుల్సు నగరములో ఫెదెరీకో గ్రిసోనె యను కులీనుడు గుఱ్ఱమును స్వారికి శిక్షించు పద్ధతిపై ఒక గ్రంథమును అచ్చువేయించెను. ఐరోపాలో ఆ విద్య పెరిగి పెరిగి నేడు డ్రెస్సాజు అను క్రీడ యైనది. ఫ్రెంచిభాషలో ఆ మాటకు శిక్షణ యనియే అర్థము. 1912 లో స్టాక్‌హోములో జరిగిన ఒలింపిక్ క్రీడలలో దానికి చోటు దొరకెను. 2023 సెప్టెంబరులో చీనాలోని హాంగ్‌ఝౌ నగరమున ఆసియా క్రీడలు జరిగినపుడు మన దేశపు జట్టు ఈ డ్రెస్సాజులో బంగారు పతకము గెలిచెను. గుఱ్ఱపుస్వారిలో మనకు అట్టి పతకము 1982 తరువాత మరల అప్పుడే వచ్చినది. ఆ వార్త విని, "ఇది దొరల ఆట, మన కేల?" అన్నవారు కలరు. ఆ మాటకు సమాధానము మన శాసనములలోనే యున్నది.

కాకతీయ గణపతిదేవుని కొలువులో కాయస్థ గంగయ సాహిణి యను సేనాని యుండెను. జన్నిగదేవుడు, త్రిపురారి, అంబదేవుడు ఆ వంశమువారే. గంగయకు తురగసాధనిక యను బిరుదు కలదు. సాహిణి యన నెవరు? ఏనుగునకు మావటి యెట్లో గుఱ్ఱమునకు సాహిణి యట్లు. గుఱ్ఱమును కాచి, దిద్ది, స్వారికి అలవరచువాడు. ఆ పనివాని పేరే పెరిగి పెరిగి సేనానుల బిరుదైనది. ఒక దేశములో గుఱ్ఱమును దిద్దు వృత్తి పేరును సామంతుడు తన పేరిట తగిలించుకొని గర్వించెనన్నచో, ఆ వృత్తికి ఎంత మన్నన యుండెనో ఊహింపవచ్చును.

మన్ననకు కారణము స్పష్టమే. ఈ నేల ఎద్దులకు పుట్టినిల్లు గాని మేలుజాతి గుఱ్ఱములకు కాదు. అవి అరేబియానుండి, పారసీకమునుండి ఓడలలో రావలెను. 13 వ శతాబ్ది చివర దక్షిణదేశమునకు వచ్చిన మార్కో పోలో పాండ్యదేశమును గూర్చి వ్రాయుచు, అక్కడివారు గుఱ్ఱములకు అన్నముతో మాంసము వండి పెట్టుదురనియు, వాటి పోషణ తెలిసినవారు లేక ఏటేట అనేకము చచ్చుచుండుననియు చెప్పెను. పరదేశి మాటలలో కొంత అతిశయము తీసివేసినను, మిగిలినదే చాలును. విజయనగరపు సంగతి వ్రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజు రాజు ఏటేట 13,000 గుఱ్ఱములను కొనుచుండెనని లెక్క చెప్పెను. సాళువ నరసింహుడు వేయి పరదాలకు మూడు గుఱ్ఱముల చొప్పున కొనెనట. దారిలో సముద్రముమీద చచ్చినవాటికి తోక తెచ్చి చూపినచో దానికిని వెల యిచ్చెనట! తోకకు వెలగట్టిన రాజును చూచి నవ్వవలదు. వర్తకుడు మరల రాకపోవునేమో యని ఆయన భయము. శ్రీకృష్ణదేవరాయలు సయితము ఆముక్తమాల్యదలోని రాజనీతిలో, ఏనుగులను గుఱ్ఱములను తెచ్చు దూరదేశపు వర్తకులకు ఇండ్లును దర్శనమును మంచి వెలయు నిచ్చి తనవారిగా చేసికొనవలెననియు, లేనిచో అవి శత్రువు చేరుననియు హెచ్చరించెను.

ఇంత బంగారము పోసి కొన్న జంతువు ఒక్క మూర్ఖుని చేతిలో నెలదినములలో చెడును. నాకు ముఖ్యముగ తోచిన విషయ మిదియే. కొనుట రాజు పని. నిలుపుట సాహిణి పని. చరిత్రలో మొదటివాని పేరు మిగిలినది, రెండవవాని పేరు గంగయవంటి ఒకరిద్దరికి తప్ప మిగులలేదు.

వారి విద్యకు గ్రంథములు మాత్రము నిలిచినవి. శాలిహోత్రుని పేరిటను నకులుని పేరిటను సంస్కృతమున అశ్వశాస్త్రములు కలవు. చాళుక్య సోమేశ్వరుడు 12 వ శతాబ్దిలో కూర్చిన మానసోల్లాసములో గుఱ్ఱపుస్వారి వినోదమునకు ప్రత్యేకముగ ఒక భాగమే కలదు. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణవిలాసమును పద్యములలో రచించెను. బహమనీ సుల్తానుల కాలమున శాలిహోత్రము పారసీలోనికి మారినది. మన నిజాం ఇలాకాలో పశువైద్యుని సలోత్రి యనుట విన్న పెద్దలుందురు. ఆ మాట శాలిహోత్రుని పేరే, నోట నోట అరిగి మిగిలినది.

ఇక అమరము చదివినవారికి గుఱ్ఱపు నడకలు ఐదని తెలియును. ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము. వీటిని ధారలందురు. నేటి డ్రెస్సాజు పోటీలో క్రొత్త గుఱ్ఱమును అడుగునవి మూడే. నాలుగు కాళ్లు ఒకదాని వెంట ఒకటిగా పడు నడక, ఐమూలగా రెండేసి కాళ్లు కలిపి వేయు పరుగు, మూడు దెబ్బల లయతో సాగు దౌడు. పేర్లు వేరు గాని, గుఱ్ఱపు వేగమును కాక నడక శుద్ధిని చూడవలెనను బుద్ధి ఒక్కటే.

ఆ శుద్ధి ఎట్లు కలుగును? కోడెను కాడికి మరపిన రైతునకు దీనిని వివరింప బనిలేదు. తొలినాడే బరువు కట్టినవాని కోడె ఏమగునో మీ రెరుగుదురు. గుఱ్ఱపుపిల్లకు రెండున్నర యేండ్లకు పాలపండ్లు రాలనారంభించి, అయిదేండ్లకు నోరు నిండును. ఎముక ముదురకముందే వీపున మనిషి నెక్కించినచో నడుమును కాళ్లును చెడును. కనుక మూడేండ్ల ప్రాయమున మొదట పొడవైన పగ్గము కట్టి, శిక్షకుడు నడుమ నిలిచి, చుట్టును గుండ్రముగ త్రిప్పును. కుడివైపు ఎంతసేపు త్రిప్పెనో ఎడమవైపును అంతసేపు త్రిప్పవలెను. ఏలయన మనుష్యునివలెనే గుఱ్ఱమునకును ఒకవైపు వాటము ఎక్కువ, రెండవవైపు బిరుసు. ఆపై నోటికి మెత్తని కళ్లెము, వీపున ఉత్త జీను, చిట్టచివర రౌతు. రోజునకు అరగంట పని చాలును. మాట వినినంతనే వాగెలు వదలి మెడ నిమురవలెను. మంచిపనికి వెంటనే కలుగు విశ్రాంతియే గుఱ్ఱము నెరిగిన బహుమానము.

కొరడా సంగతిలో పెద్దల అభిప్రాయములు భిన్నములు. గ్రిసోనె గ్రంథములో క్రూరమైన దండనములు చాల కలవు. అంతకు 1,900 ఏండ్లకు ముందే గ్రీసుదేశపు క్సెనొఫోను, బలాత్కారమున గుఱ్ఱముచే చేయించినదానిలో అందము లేదని వ్రాసియుండెను. మన శాస్త్రములు కొరడాను పూర్తిగ నిషేధింపలేదు గాని, ఏ తప్పునకు ఏ చోట కొట్టవలెనో గిరి గీసి, తప్పుచోట కొట్టినచో గుఱ్ఱమునకు క్రొత్త దోషములు పుట్టునని చెప్పినవి. నాకు క్సెనొఫోను మాటయే ఎక్కువ ఇష్టము. కొట్టినవాని గుఱ్ఱము వాడు ఎదుట నున్నంతవరకే మాట వినును.

మాట విను గుఱ్ఱమనగా నేమో గోలకొండ చరిత్రలో ఒక ఘట్టము కలదు. 1687 సెప్టెంబరులో కోట తలుపు లోపలివాని ద్రోహమున తెరువబడి మొగలుసేన చొరబడినపుడు, అబ్దుర్ రజాక్ లారీ జీనైనను లేని గుఱ్ఱము నెక్కి ఎదురు పోరెను. ముఖముననే డజను గాయములు. నొసటి చర్మము కండ్లపై వ్రేలాడి దారి కనబడదయ్యెను. గుఱ్ఱమును గాయపడినది. వాగెలు దానికే వదలి, పడిపోకుండ కూర్చుండుటయే ఆయన చేయగలిగినది. ఆ గుఱ్ఱము కలకలమునుండి బయటపడి, నగీనాబాగులోని ఒక ముసలి కొబ్బరిచెట్టు క్రిందికి ఆయనను మోసికొనిపోయి నిలిచెను. ఈ కథ చెప్పిన ఖాఫీఖాను మొగలుపక్షపు చరిత్రకారుడే. ఔరంగజేబు వైద్యులను పంపి లారీని బ్రతికించెను. ఆ గుఱ్ఱమును దిద్దిన సాహిణి ఎవడో ఏ చరిత్రకారుడును వ్రాయలేదు.

తరువాతి కాలమును గూర్చి వేగముగ చెప్పెదను. నిజాము లాన్సర్లు మొదటి ప్రపంచయుద్ధమున ఈజిప్టు, పాలస్తీనాలకు పోయిరి. ఢిల్లీలోని మూడు విగ్రహముల స్తంభము హైదరాబాదు, జోధపురము, మైసూరు అశ్వికుల జ్ఞాపకార్థమే 1922 లో నిలిచెను. యుద్ధములనుండి గుఱ్ఱము తొలగినను, 1975 లో హైదరాబాదు శివారున శివరాంపల్లికి వచ్చిన జాతీయ పోలీసు అకాడమీలో స్వారిని నేర్పుచు వచ్చిరి.

కాబట్టి నేడు ఒక కుర్రవాడు ఒక కుర్ర గుఱ్ఱమును తొలి డ్రెస్సాజు పోటీకి కొనిపోయినచో ఏమి జరుగును? ఇరువది మీటర్ల వెడల్పు, నలువది మీటర్ల పొడవు గల చదునైన బరి. చుట్టును మోకాలెత్తు తెల్లని దడి, దానివెంట అక్షరములు వ్రాసిన గురుతులు. గుఱ్ఱమునకు ఆ తెల్లదనమే భూతము. అందుచే తెలివిగల శిక్షకుడు నెలల ముందే పొలములో సున్నపు గీతలు గీసి, గుడ్డలు కట్టి, నలుగురిని చప్పట్లు కొట్టుమని, అట్టి వింతలు అలవాటు చేయించును. పోటీ నాటికి ఒకదినము ముందే చేర్చి, బరి చుట్టును చేతపట్టి నడిపించి, నీరు త్రాగించి, ఇంటినుండి తెచ్చిన గడ్డియే వేయును. బరిలో ప్రవేశించి నడిమిగీతపై తిన్నగా వచ్చి, నాలుగు కాళ్లపై సమముగ నిలిచి, రౌతు న్యాయాధికారికి వందనము చేయును. తరువాత వలయములు, మలుపులు, నడక మార్పులు. ఒక్కొక్కదానికి సున్న మొదలు పది వరకు గుణములు వేయుదురు. తొలినాటి గుణములు తక్కువగనే వచ్చును. శిక్షకుడు ఆ కాగితమును మడిచి జేబులో పెట్టుకొని, ముందు జీను విప్పి, చెమట తుడిచి, కాళ్లు తడిమి చూచి, ఆపై నీళ్ల బొక్కెన తెచ్చును.