కరువుని ఏ కొలబద్దతో కొలవాలి?

నెల్లూరు పేరు చెప్పగానే మనకి గుర్తొచ్చేది మొలగొలుకులు. అసలు ఊరి పేరులోనే వడ్లున్నాయంటారు. 1855లో పెన్న మీద ఆనకట్ట కూడా కట్టారు. అలాంటి జిల్లాని కూడా 1876-78 నాటి ధాత కరువు వదల్లేదు. ఆనకట్ట నీళ్ళు డెల్టాకే గానీ ఉదయగిరి, కనిగిరి లాంటి మెట్ట తాలూకాలకి రావు కదా. పైగా డెల్టాలో ధాన్యం ఉన్నా, కొనే శక్తి లేనివాడికి అది లేనట్టే లెక్క.

కోస్తా వెంబడి బకింగ్‌హామ్ కాలువ చూసే ఉంటారు. ఆ కాలువ తవ్వకం అప్పటి కరువు పనుల్లో ఒకటి. అప్పటి మద్రాసు గవర్నరు పేరే దానికి పెట్టారు. నాకు ఆసక్తిగా అనిపించింది మాత్రం కాలువ కాదు, అలాంటి పనుల్లో కూలి ఎంత అన్న లెక్క.

1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ సర్ రిచర్డ్ టెంపుల్‌ని మద్రాసుకి పంపించాడు. ఇదే టెంపుల్ 1873-74 బీహారు కరువులో బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని కాపాడాడు, దానికి దుబారా చేశాడని తిట్లు తిన్నాడు. ఈసారి ఆ పేరు రాకూడదనుకున్నాడేమో, రోజంతా మట్టి మోసే మగవాడికి ఒక పౌను (సుమారు 450 గ్రాములు) ధాన్యం, ఒక అణా చాలన్నాడు. ఆడవాళ్ళకీ పిల్లలకీ ఇంకా తక్కువ. ఎక్కువిస్తే జనం సోమరులైపోతారని వాదన!

దీన్ని ఎదిరించింది మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్. కష్టం చేసే మనిషికి కనీసం పౌనున్నర ధాన్యం, దానిపైన పప్పు, కూరగాయలు ఉండాలన్నాడు. 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వం సగం దిగొచ్చి 570 గ్రాముల ధాన్యం, 43 గ్రాముల పప్పు చేసింది. ఆ కరువులో బ్రిటిష్ ఇండియాలో పోయినవాళ్ళు 50 లక్షల పైమాటే.

ఇక్కడ రెండు కొలబద్దలున్నాయి. టెంపుల్‌ది ఖజానా వైపు నుంచి కొలిచేది, కార్నిష్‌ది ఒంటి వైపు నుంచి కొలిచేది. ఆ తర్వాత 1880 కరువు కమిషను, దాని వెనకే ఫామిన్ కోడ్ వచ్చాయి. ధరలు, వలసలు చూడటం, తక్కువ కూలికి పని పెట్టి ఎంతమంది వస్తారో లెక్కపెట్టడం - ఇవీ అందులోని గుర్తులు. ఏమీ లేనిదానికన్నా చాలా మెరుగే. కానీ పనిదాకా నడవలేనివాడు ఆ లెక్కలోకి ఎలా వస్తాడు?

ఇప్పుడు ప్రపంచమంతా వాడే ఐపీసీ పద్ధతి 2004లో సోమాలియాలో మొదలైంది. ఐదు దశలు. ఐదో దశ, అంటే కరువు అని ప్రకటించాలంటే మూడు చూస్తారు: కనీసం 20 శాతం ఇళ్ళలో తిండికి తీవ్రమైన కొరత, 30 శాతం పిల్లల్లో తీవ్ర పోషకాహార లోపం, రోజుకి పదివేలమందిలో ఇద్దరి మరణం. పిల్లల జబ్బకి చుట్టే టేపు 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ చూపిస్తే ప్రమాదం. కార్నిష్ చూస్తే సంతోషించేవాడు.

కానీ మూడో షరతు చూడండి. చావుల్ని లెక్కపెట్టాలంటే ముందు చావాలి కదా! మా భాషలో చెప్పాలంటే, సర్వరు పడిపోయాక మోగే అలారం లాంటిది. సోమాలియాలో 2011 జూలైలో కరువు ప్రకటించారు. ఆ కరువులో చనిపోయింది దాదాపు 2.6 లక్షలమంది, సగం మంది ఐదేళ్ళలోపు పిల్లలు. ప్రకటన వచ్చేసరికే చాలామంది పోయారు.

అలాగని కొలతలొద్దని నేననను. గట్టి లెక్క లేకపోతే ప్రభుత్వాలు "అబ్బే, కరువేం లేదు, కాస్త కొరతే" అని తప్పించుకుంటాయి. నేననేదల్లా, ఐదో దశ ప్రకటన చరిత్రకారుడికి పనికొస్తుంది, తిండి పంపించాల్సినవాడు మూడో దశలోనే లేవాలి. ధాత కరువులో కార్నిష్ అడిగింది కూడా అదే: మనిషి పడిపోయాక కాదు, నిలబడి ఉన్నప్పుడే అన్నం పెట్టమని.