యోగశాలలోనికి వచ్చిన యంత్రము

మన పూర్వులు యోగమును గురుముఖమున నేర్చిరి, యంత్రముతో కొలువలేదు. ఆ కొలతకు పూనుకొన్న తొలివారిలో స్వామి కువలయానందులు ముఖ్యులు. 1924లో వారు పూనాకు సమీపమున లోణావ్లాలో కైవల్యధామమును స్థాపించి, ఆ యేటనే ‘యోగ మీమాంస’ యను పత్రికను వెలువరించిరి.

నౌళి చేయునపుడు పెద్దప్రేవులోనికి నీరు తనంతట నెట్లెక్కును? లోపలి యొత్తిడి వెలుపలి గాలి యొత్తిడికంటె తగ్గుటయే కారణమని వారు కొలిచి చూపిరి. ప్రాణాయామమున ప్రాణవాయువు మిక్కుటముగ లభించునను నమ్మికను సైతము పరీక్షించి, దాని విలువ అందులో లేదని తేల్చిరి. తాము ప్రేమించిన విద్యను గూర్చి యట్లు పలుకుట సామాన్యమా?

గుండె నాపగల యోగులున్నారని లోకులందురు. అట్టివారిని వెంగరు, బాగ్చి, ఆనందు అను శాస్త్రజ్ఞులు పరీక్షించి 1961లో ఫలితము ప్రకటించిరి. నాడి చేతికి దొరకలేదు. చప్పుడు చెవికి వినరాలేదు. విద్యుద్యంత్రము మాత్రము గుండె కొట్టుకొనుచునే యున్నదని వ్రాసెను. ఊపిరి బిగబట్టి కండరములను బిగించుటచే గుండెకు మరలివచ్చు రక్తము తగ్గుటయే యందలి మర్మము.

ఆ యేటనే ప్రకటితమైన ఢిల్లీ పరిశోధనలో, గాలి చొరని పెట్టెలో కూర్చుండిన యోగి యొకడు, విశ్రాంతివేళ దేహమునకు వలయుదానికంటెను తక్కువ ప్రాణవాయువుతో గడపెనని తేలినది. అనగా దేహాగ్నియే మందగించినది.

కావున కల్ల తొలగినను విద్య నిలిచినది. రక్తపుపోటు, గుండెజబ్బు గలవారు మాత్రము వైద్యు నడుగక కుంభకమునకు పూనుకొనరాదు.